ముగ్గురూ దాచిన మాట

"పలకరించకపోతే పోనీ. కనీసం మూత తీసి చూడమను వదినా," అంది బుజ్జి, సూపు గిన్నె చేతిలో పట్టుకుని షాపు గుమ్మంలోనే నిలబడి.

మేస్త్రి తల ఎత్తలేదు. సోఫా ఫ్రేమును బోర్లా పడుకోబెట్టి, పెదాల మధ్య బిగించిన మేకుల్లోంచి ఒక్కొక్కటే తీసి, రెగ్జిను అంచు లాగి కొడుతున్నాడు. నోట్లో మేకులున్న మనిషి మాట్లాడలేడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన నోట్లో మేకులు ఖాళీ కావడం లేదు.

"ఏమండీ, మీ చెల్లెలు సూపు తెచ్చింది," అంది భార్య, కుట్టుమిషను వెనకనుంచి.

సుత్తి ఒక దెబ్బ వేసి ఊరుకుంది.

ఆ షాపులో సగం ఆయనది, సగం ఆవిడది. అటు సోఫాలు, కుర్చీలు. ఇటు కర్టెన్లు, దిండు గలేబులు. కింద పని, పైన కాపురం. పెళ్ళయినప్పటినుంచీ ఒకే గదిలో పనిచేసీ చేసీ, సుత్తి చప్పుడును బట్టి ఆయన మనసెలా ఉందో చెప్పడం ఆవిడకు అలవాటైపోయింది. కోపమొస్తే దెబ్బలు వరసగా పడతాయి. ఇవాళ ఆగి ఆగి పడుతున్నాయి. ఇది కోపం కాదు. ఇది భయం.

బుజ్జి గిన్నెను బల్లమీద పెట్టి వదిన పక్కకు వచ్చింది. బుజ్జి బస్టాండులో మైకు ముందు కూర్చుని వచ్చేపోయే బస్సుల వివరాలు చెప్పే మనిషి. ఇల్లు పక్కవీధిలోనే. నిన్న ఆసుపత్రినుంచి తిరిగొస్తూంటే మెట్లమీద పక్కింటావిడ ఎదురై, "ఏమన్నారమ్మా డాక్టర్లు?" అని అడిగింది. "అన్నయ్యకి బ్లడ్ క్యాన్సరట," అంది బుజ్జి. గుసగుసగానే అన్నానని ఆవిడ వాదన. ఆవిడ గుసగుసకి బస్టాండులో చివరి ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళు కూడా సంచులు సర్దుకుంటారు. ఆయాసానికి మెట్ల మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటున్న మేస్త్రికి వినపడడంలో వింతేముంది?

"లేనిది చెప్పానా వదినా?"

"డాక్టరమ్మ ఆ మాట అందా?"

"అనకపోతే మాత్రం? మూలుగలో రక్తం సరిగ్గా తయారవడం లేదంటే ఇంకేమిటి అర్థం?"

"అర్థం ఇవాళ చెబుతానంది కదా. నువ్వు నిన్ననే చెప్పేశావు. డిపోలోంచి కదలని బస్సును వచ్చేసిందని చెప్పినట్టు."

సుత్తి ఆగింది. నవ్వొచ్చి ఆపుకుంటున్నాడేమోనని ఇద్దరూ ఆశగా తిరిగి చూశారు. ఆయన నడుమ్మీద చెయ్యి వేసుకుని గాలి పీల్చుకుంటున్నాడు, అంతే. వెలుతురు పడి రెండు చెవులూ ఎర్రగా, ఎవరో గట్టిగా మెలిపెట్టి వదిలినట్టున్నాయి.

అసలు అంతా ఆ చెవులతోనే మొదలయింది. రెండేళ్ళ కిందట ఒకనాడు వాచాయి. "ఏం మేస్త్రీ, ఇంట్లో చెవులు మెలిపెడుతున్నారా?" అని వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత జ్వరం. పిక్కలమీద ఎర్రటి మచ్చలు. కీళ్ళ నొప్పులు. ఒక దిండులో దూది కూరితే చాలు, ఆయాసం. చెవుల డాక్టరు ఒక మాట అన్నాడు, చర్మం డాక్టరు ఒకటి, కీళ్ళ డాక్టరు మరొకటి. ముగ్గురూ రాసిన మాత్రలు దాదాపు ఒకటే. వేసుకుంటే మనిషి లేడిపిల్లలా తిరిగేవాడు. తగ్గిస్తే జబ్బు మళ్ళీ గుమ్మంలో హాజరు. చివరికి కీళ్ళ డాక్టరే రక్తం డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపింది.

మేస్త్రి మేకులు అరచేతిలోకి తీసుకున్నాడు. "మధ్యాహ్నం కదా రమ్మంది? మనిద్దరం వెళ్దాం," అన్నాడు భార్యతో.

"నేను సెలవు పెట్టాను," అంది బుజ్జి.

"మనిద్దరం," అన్నాడాయన మళ్ళీ, భార్య వంకే చూస్తూ.

ముగ్గురూ వెళ్ళారు. వద్దన్నంత మాత్రాన ఆగిపోయే రకం కాదు బుజ్జి. వాళ్ళు వెనక తలుపులోంచి బస్సెక్కితే ఆవిడ ముందు తలుపులోంచి ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కండక్టరు ఆవిడను చూసి, "ఏం మేడం, ఇవాళ మా బస్సు గురించి మీరు చెప్పలేదు, ఎవరూ ఎక్కలేదు చూడండి," అన్నాడు. బస్సులో నవ్వులు లేచాయి. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన పెదవి చివర కొంచెం కదలడం భార్య చూసింది. చూడనట్టు ఊరుకుంది.

రక్తం డాక్టరు వయసులో వాళ్ళందరికంటే చిన్నది. టీ చల్లారిపోయిన కప్పును పక్కకు జరిపి, ముందు ఆయన చెవులు వేలితో మెల్లగా నొక్కి చూసింది. తర్వాత ప్యాంటు పైకి మడవమని పిక్కలు చూసింది. అప్పుడు కూర్చుంది.

"మీకు నాలుగు జబ్బులు లేవండి. ఒకటే ఉంది," అంది.

మేస్త్రి కుర్చీలో ముందుకు జరిగాడు. "ఒకటే ఏమిటమ్మా? చెవులెక్కడ, కాళ్ళెక్కడ, రక్తమెక్కడ?"

"రక్తం వెళ్ళని చోటు ఒంట్లో ఎక్కడుంది చెప్పండి. ఎముక లోపలి మూలుగలోనే కదా రక్తం తయారయ్యేది. అక్కడ ఒక కణంలో ఎప్పుడో చిన్న మార్పు వచ్చింది. అది తనలాంటివాటినే పెంచుకుంటూ పోయింది. వాటిలోంచి పుట్టే కణాలకి నిదానం లేదు. ఊరికే రేగిపోతాయి. మీ రక్తనాళాల గోడలమీదే పడతాయి. అందుకే కాళ్ళమీద మచ్చలు. చెవిలో మెత్తటి ఎముక ఉంటుంది చూశారా, దానిమీదా పడతాయి. అందుకే ఈ వాపు, జ్వరం. ఈ గోలలో తయారవ్వాల్సిన మంచి రక్తం తగ్గిపోయింది. అందుకే ఆయాసం."

"మా నాన్నకి ఇలాంటిదేమీ లేదే."

"ఇది వంశంలో వచ్చేది కాదు. వయసు మీద వస్తుంది. మీ పిల్లలకీ రాదు."

బయట ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"అంటే… అది క్యాన్సరేనా?"

బుజ్జి నేల చూపులు చూసింది.

"దానికి దూరపు చుట్టం అనుకోండి," అంది డాక్టరమ్మ. "కొందరిలో ముదిరి ఆ దారి పట్టొచ్చు. మీలో ఇప్పుడు అలా లేదు. కానీ వదిలేస్తే ఊరుకునే రకమూ కాదు. మీతో అబద్ధం చెప్పను."

మేస్త్రి వెనక్కి వాలాడు. ఏడుస్తాడేమోనని భార్య ఆయన మోచేతిమీద చెయ్యి వేసింది. ఆయన ముఖంలో ఏడుపు లేదు. చాలాకాలంగా బిగబట్టుకున్న భుజాలు కిందికి దిగాయి.

"అయితే నేను నటించలేదన్నమాట," అన్నాడు.

"నటిస్తున్నారని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదమ్మా. నాకే అనుమానమొచ్చింది. ఒక్క మనిషికి ఇన్ని రోగాలేమిటి, మాత్ర వేస్తే పోవడమేమిటి, మళ్ళీ రావడమేమిటి, అంతా నా మనసులోదేనేమో, పని చేయలేక వంకలు వెతుక్కుంటున్నానేమో అని. ఎవరితో చెప్పుకోను?"

పక్కనే కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషితో చెప్పుకోవచ్చు కదా అనుకుంది భార్య. ఇప్పుడు కాదు, ఇంటికెళ్ళాక ఈ మాట మీద ఒక చిన్న యుద్ధం చేయాలని మనసులో పక్కన పెట్టుకుంది. అయినా ఆవిడకూ తేలిగ్గానే ఉంది. భయపడడానికి ఇప్పుడు ఒకటే ఉంది. నాలుగు వైపులా చూడక్కర్లేదు.

డాక్టరమ్మ వైద్యం వివరించింది. సోమవారం నుంచి ఇంజెక్షన్లు, నెలలో ఒక వారం పాటు, పొట్టమీద చర్మం కింద. కొన్ని నెలలు చూస్తే గానీ తెలియదు. మాత్రలు మెల్లగా తనే తగ్గిస్తుంది, ఆయనంతట ఆయన ఆపకూడదు. పని మానక్కర్లేదు. దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, గాయాలు కాకుండా చూసుకోవాలి.

"నోట్లో మేకులు పెట్టుకుంటారు డాక్టరుగారూ," అంది భార్య వెంటనే.

"నోట్లోనా? వద్దండీ బాబూ. ఇవాళ్టినుంచే మానేయండి."

"ఇక ఇంట్లో వాళ్ళతో మాట్లాడక తప్పదు," అంది బుజ్జి, ఎవరితోనూ కానట్టు.

ఈసారి మేస్త్రికి నిజంగానే నవ్వొచ్చింది. దాచుకోలేదు. ఆ నవ్వు చల్లారేలోపే డాక్టరమ్మ ఇంకో మాట అంది.

"ఇంజెక్షన్లకి లొంగకపోతే వేరేవాళ్ళ మూలుగ ఎక్కించే దారి ఒకటుంది. ఇప్పుడే కాదు, అసలు అవసరం రాకపోవచ్చు కూడా. కానీ ఇచ్చేవాళ్ళెవరో ముందే తెలిసుంటే మంచిది. ఒకే అమ్మానాన్నల పిల్లలైతే పూర్తిగా కలిసే అవకాశం బాగుంటుంది. మీకు తోబుట్టువులున్నారా?"

"మాకొక అబ్బాయి ఉన్నాడు, ఓడరేవులో క్రేను నడుపుతాడు. వాడిది…" అంది భార్య.

"కొడుకుది సగమే కలుస్తుందండి. అదీ చూద్దాం, తర్వాత. ముందు తోబుట్టువులు."

"నేనున్నాను," బుజ్జి లేచి నిలబడింది. "నేను చెల్లెల్ని. ఇప్పుడే రక్తం తీసుకోండి."

"వద్దు," అన్నాడు మేస్త్రి.

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. కూర్చో."

నిన్నటినుంచి అన్న తనతో అన్న మొదటి మాట అదే. బుజ్జి కూర్చోలేదు. "నిన్న నోరు జారానని ఇంకా కోపమా అన్నయ్యా? నా మీద కోపముంటే నా మీద చూపించు. నీ ఒంటి మీద ఎందుకు?"

"కోపం కాదు."

"మరి?"

ఆయన వంగి, పైకి మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తొందరేమీ లేదని, ఇంట్లో మాట్లాడుకుని రమ్మని చెప్పి, ఆయన్ని పక్కగదిలో రక్తపరీక్షకు పంపింది.

వదినా ఆడపడుచులు వరండాలో బెంచీమీద కూర్చున్నారు. ఎదురుగా గోడకి గడియారం, దాని కింద ఎవరో మరిచిపోయిన గొడుగు. ఆయన ఎందుకు వద్దన్నాడో వదినకు తెలుసు.

బుజ్జి ఆ తల్లి కడుపున పుట్టలేదు. అత్తగారు దారాల మిల్లులో పనిచేసే రోజుల్లో, పక్క మిషను మీద పనిచేసే ఒంటరి మనిషి కాన్పులో పోయింది. ఆ సాయంత్రం అత్తగారు పనినుంచి పసిగుడ్డును ఎత్తుకుని ఇంటికొచ్చింది. అప్పటికి మేస్త్రి బడికి వెళ్ళే పిల్లవాడు. తర్వాత వేరే వీధికి ఇల్లు మారారు, అంతటితో ఆ సంగతి అక్కడే సమాధి అయిపోయింది. కోడలిగా అడుగుపెట్టిన కొత్తల్లో అత్తగారు ఈ కథంతా చెప్పి, చేతిలో చెయ్యి వేయించుకుంది. "బుజ్జికి మాత్రం తెలియకూడదు. మావాడూ నాకు మాటిచ్చాడు. నువ్వూ ఇవ్వు," అంది. ఆ మాట ఈనాటి వరకూ భార్యాభర్తల మధ్య కూడా నోరు దాటి రాలేదు.

"వదినా," అంది బుజ్జి మెల్లగా. "అన్నయ్య ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు."

"కోపం తగ్గలేదు, అంతే. రేపటికి…"

"నేను అమ్మకి పుట్టలేదని నాకు తెలిసిపోతుందని."

వదిన ఆవిడ ముఖంలోకి చూసి, గడియారం వైపు చూసి, మళ్ళీ ఆవిడ ముఖంలోకి చూసింది.

"పోయే ముందు అమ్మే చెప్పింది," అంది బుజ్జి. "చెప్పి, నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. నీకు తెలుసని అన్నయ్యకి తెలియనివ్వకు, వాడు తట్టుకోలేడు అంది. అసలు వదినా, నీకు తెలుసో లేదో నాకిప్పటిదాకా తెలియదు. ఇప్పుడు నీ ముఖం చూస్తే తెలిసింది."

"మరి తెలిసీ నా రక్తం తీసుకోమని ఎందుకు లేచావే?"

"లేవకపోతే? చెల్లెలు పక్కనే కూర్చుని గమ్మునుంటే అన్నయ్యకి అనుమానం రాదూ? పరీక్ష చేయించుకుంటాను, కలవలేదంటారు, చాలామందికి కలవదట, సరిపోతుంది కదా అనుకున్నాను."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట బుజ్జి ఏడుపనుకుంది. కాదు. ఆవిడ భుజాలు నవ్వుతో ఊగిపోతున్నాయి.

"మీ అమ్మ… మహాతల్లి… మన ముగ్గురి చేతా విడివిడిగా మాట తీసుకుంది. ఒకే మాట. నీకు తెలియకూడదని మేమిద్దరం, ఆయనకి తెలియకూడదని నువ్వు. ఇన్నేళ్ళనుంచీ ముగ్గురం ఒకే తలుపుకి మూడు తాళాలేసుకుని కాపలా కాస్తున్నాం. లోపల ఎవరూ లేరు."

బుజ్జికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అటుగా వెళుతున్న నర్సు ఆగి, అంతా క్షేమమేనా అన్నట్టు చూసి వెళ్ళింది.

ఇంటికొచ్చాక భార్యే చెప్పింది. చుట్టూ తిప్పలేదు. షాపులో లైటు వేసి, మిషను మీద గుడ్డ కప్పి, "బుజ్జికి తెలుసండీ. అత్తయ్యే చెప్పారట," అంది.

ఆయన చేతిలో సుత్తి ఉంది. దాన్ని బల్లమీద ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండుసార్లు అటూ ఇటూ జరిపాడు.

"ఏడ్చిందా?"

"నవ్వింది."

"పిలు," అన్నాడు.

బుజ్జి బయట మెట్లమీదే కూర్చునుంది. లోపలికొచ్చాక అన్న ముఖంలోకి సూటిగా చూడలేకపోయింది. మేస్త్రి సగం పూర్తయిన సోఫామీద ఒక పక్కకు జరిగి, రెండో పక్క తట్టాడు.

"కూర్చో. ఈ పక్క స్ప్రింగు సరిగ్గా పడిందో లేదో చూడు."

ఆవిడ కూర్చుంది. చిన్నప్పటినుంచీ ఆయన చేసిన ప్రతి కుర్చీమీదా మొదట కూర్చుని చూసేది ఆవిడే. "కొంచెం ఎడమకి వాలుతోంది," అంది.

"వాలదు. నువ్వే వాలుతున్నావు."

వీధిలోంచి సైకిలు బెల్లు వినపడి దూరమయింది.

"నీ కడుపులో ఒక మాట పూటంతా నిలవదు కదే. ఇన్నేళ్ళు ఎలా దాచావు?" అన్నాడు.

"కష్టపడి దాచాను. నువ్వెలా దాచావు?"

"నాకేం కష్టం? నాకసలు గుర్తుంటే కదా, దాచడానికి."

బుజ్జి తల తిప్పుకుంది. చాలాసేపు రెగ్జిను కుట్టును వేలితో రాస్తూ కూర్చుంది. భార్య టీ పెట్టే వంకతో పైకి వెళ్ళి, తొందరపడకుండా, కావాలనే రెండుసార్లు కప్పులు కడిగి తెచ్చింది. వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళు ఇంజెక్షన్ల వారంలో ఎవరు తోడు వెళ్ళాలన్న దానిమీద పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట వింటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"నిన్న నువ్వన్నదాంట్లో తప్పు లేదే," అంటున్నాడాయన. "నువ్వన్నావు, నేను వినలేకపోయాను. ఇవాళ డాక్టరమ్మ అంటే విన్నాను. కాకపోతే ఇకమీదట ముందు నాకు చెప్పు. తర్వాత వీధికి."

"సరే. ముందు నీకు. అయిదు నిమిషాల తర్వాత వీధికి."

ముగ్గురూ టీ తాగారు. ఆయన చెవుల ఎరుపు అలాగే ఉంది. మనిషి మాత్రం తెరిపిన పడ్డాడు. సోమవారం అంటే ఇప్పుడు ఆయనకు భయంగా లేదు, ఏదో పని మొదలుపెట్టే రోజులా ఉంది.

"మూలుగ సంగతి అవసరమొస్తే అప్పుడు చూసుకుందాం," అన్నాడు. "ఊరూపేరూ తెలియని వాళ్ళలో కూడా కలిసేవాళ్ళు దొరుకుతారట, డాక్టరమ్మ వెతికిస్తానంది. లోకంలో ఎక్కడో ఒకడు ఉండకపోడు."

బుజ్జి కప్పు కింద పెట్టింది.

"అన్నయ్యా, అమ్మ నన్నెందుకు తెచ్చుకుందో నీకెప్పుడైనా చెప్పిందా?"

"తల్లి లేని పిల్లవని."

"నాన్న వద్దన్నాడట. చుట్టుపక్కల వాళ్ళంతా వద్దన్నారట. అయినా ఎందుకు తెచ్చుకుంది?"

ఆయన భార్య వంక చూశాడు. తనకూ తెలియదన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అమ్మ నా చేత రెండు మాటలు తీసుకుంది," అంది బుజ్జి. "ఒకటి ఇవాళ పోయింది. రెండోది కూడా ఇక నా వల్ల కాదు. నాకంటే ముందు అమ్మ ఒక పిల్లాణ్ణి కని ఇచ్చేసింది. నాన్నకి పని లేని ఏడాదట. నీకప్పుడు నడకే సరిగ్గా రాదట. పిల్లల్లేని వాళ్ళెవరో అడిగితే ఇచ్చేశారు. అందుకే నన్ను వదల్లేకపోయింది. ఇంకోసారి పసిగుడ్డును చేతుల్లోంచి దించలేకపోయానే అంది."

మేస్త్రి చేతిలో కప్పును సుత్తి పక్కన పెట్టాడు.

"నాకు తమ్ముడున్నాడా?" అన్నాడు. కొత్తగా నేర్చుకున్న మాటను పలికినట్టు పలికాడు.

"ఉన్నాడు. ఎక్కడుంటాడో కూడా నాకు తెలుసు. అమ్మ చెప్పిన ఆనవాళ్ళు పట్టుకుని పోయిన ఏడాది వెళ్ళి దూరం నుంచి చూసొచ్చాను. నీలాగే నడుస్తాడు."

"అయితే రేపే వెళ్దాం," అంది భార్య. అప్పటికే లేచి నిలబడింది. "వెళ్ళి చెబుదాం. అడుగుదాం. అన్నకి ప్రాణమ్మీదకొస్తే ఎవరు కాదంటారు?"

బుజ్జి వదిన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అతనికేమీ తెలియదు వదినా. పెంపుడు బిడ్డవని ఎప్పటికీ చెప్పబోమనే తీసుకెళ్ళారట వాళ్ళు. పెంచిన ఆ అమ్మ ఇంకా బతికే ఉంది. సాయంత్రాలు ఆవిడను చెయ్యి పట్టుకుని వీధిలో నడిపిస్తుంటాడు."